మూడో తారీకు, బద్వేలు

ముంతలో చెయ్యి పెట్టిన మహిమకు బియ్యం తగల్లేదు. జొన్నలు తగిలాయి.

పిడికెడు తీసి కిటికీ దగ్గర వెలుతురులో చూసుకుంది. జొన్నలే. బద్వేలు నుంచి వచ్చి బస్సు దిగి ఇంకా గంట కాలేదు. అత్తకు ఇంత అన్నం వండి పెడదామని పొయ్యి దగ్గరికి వచ్చిన మనిషి అక్కడే నిలబడిపోయింది.

ఆ ముంత పొయ్యి పక్కన గూట్లో ఉంటుంది. ఎసరు పెట్టిన ప్రతిసారీ ఇంట్లో తలకొక పిడికెడు బియ్యం తీసి అందులో వేసి, ఆదివారం చర్చికి తీసుకుపోయి ఇవ్వడం ఆ పేటలో తాతల నాటి పద్ధతి. సగం పాస్టరు గారి ఇంటికి, సగం అసలేమీ లేనివాళ్ళకు. మహిమ ఆ ఇంటికి కాపురానికి వచ్చింది తొమ్మిదేళ్ళ కిందట. శామ్ సంపాదించిన రోజుల్లోనూ, శామ్ మంచం పట్టిన రోజుల్లోనూ, శామ్ పోయిన వారంలోనూ ఆ ముంతలో బియ్యమే ఉన్నాయి.

"అత్తా, ముంతలో జొన్నలుండాయేంది?"

వాకిట్లో నాపరాతి అరుగు మీద కూచున్న విశ్వాసమ్మ తల తిప్పలేదు. "ఉంటే ఏమి? జొన్నలు దేవుడు చేసినవి కాదా?"

"బియ్యం యాడ?"

"అయిపోయినాయి."

"ఎప్పుడు?"

విశ్వాసమ్మ ఒక మాటకు నాలుగు మాటలు తిరగేసే మనిషి. ఆమె ఊరుకుందంటే ఏదో దాచిందన్న మాట. మహిమ బియ్యం డ్రమ్ము మూత తీసింది. అడుగున ఖాళీ సంచి ఒకటి, ఎండిపోయిన వేపరెమ్మ ఒకటి. ఆ వేపరెమ్మ పురుగు పట్టకుండా మహిమ వేసిందే. పదకొండు నెలల కిందట, కూతుర్ని తీసుకుని ఈ ఇల్లు వదిలి బద్వేలు పోయే ముందు రోజు వేసింది.

డ్రమ్ము మూత చేత్తో పట్టుకునే వాకిట్లోకి వచ్చింది.

"నాకు వేరే కార్డు ఇచ్చినారని చెప్తివే ఫోన్లో. ముసలోళ్ళకు వేరే కార్డంట, నెలనెలా ఇంటికే తెచ్చిస్తాండారంట. పాత కార్డు బియ్యం నువ్వే ఎత్తుకో మా, నాకు శానా ఉండాయి అంటివే."

"అన్నాలే."

"మొన్న బద్వేలు సచివాలయంలో కంప్యూటర్లో చూపించినారు అత్తా. నీ పేరు మీద ఉండేది ఒగటే కార్డు. మూడు పేర్లు. నువ్వు, నేను, పాప. ఎనిమిది నెలలుగా ముగ్గురి బియ్యం నేనే ఎత్తుకుంటాండా. నీ నోటికాడిది తెచ్చి నా బిడ్డకు పెడతాండా."

"నీ బిడ్డ ఎవురు? నా శామ్ బిడ్డ కాదా?"

"మాట తిప్పద్దు."

విశ్వాసమ్మకు మాట తిప్పడం తప్ప ఆ సాయంత్రం ఇంకో దారి లేదు.

సర్కారు లెక్క ఇప్పుడు ఎలా ఉందంటే, కార్డు ఏ ఊరిదైనా బియ్యం ఏ ఊరి స్టోర్లోనైనా తెచ్చుకోవచ్చు. కార్డులో ఉన్న ఏ ఒక్కరి వేలు మిషన్లో పడినా ఇంటిల్లిపాదికీ రావలసిన బియ్యం ఒకేసారి ఇచ్చేస్తారు. ముందు వేలు పెట్టినవాళ్ళకు అంతా దక్కుతుంది. వెనక వచ్చినవాళ్ళు సంచి మడుచుకుని ఇంటికి పోవాలి. బద్వేలులో మహిమ వేలు పెట్టిన ప్రతి నెలా ఇక్కడ డోన్ పక్క ఊళ్ళో విశ్వాసమ్మ వాటా బియ్యం కూడా అక్కడికే పోయాయి.

"నా వేలు పడదు గదా," అంది విశ్వాసమ్మ చివరికి. "పదహైదేండ్లు పాలిష్ ఫ్యాక్టరీలో బండలు మోసిన వేలు. గీతలే ల్యా. నువ్వు పోయినాక మూడు నెలలు స్టోరు చుట్టూ తిరిగినా, ఒగసారీ పడల్యా. ఊరకే పోయే బియ్యం. నువ్వన్నా తింటివి."

"నేనుండే రోజుల్లో ఎట్ల పడుతుండె?"

విశ్వాసమ్మ చీర అంచు సర్దుకుంది.

"ఏం తింటాండావు ఇన్ని రోజులు?"

"జొన్నకోతకు పోయినా. కూలికి గింజలిచ్చినారు. రొట్టె తినేదానికి నాకేం రోగం? మా అమ్మ కాలంలో వరిబువ్వ పండక్కే గదా."

"నాకు అబద్ధం ఎందుకు చెప్పినావు?"

సమాధానం విశ్వాసమ్మ నాలుక చివర ఉంది. చెప్పడానికి సిగ్గుపడింది. అరవైకి దగ్గర పడిన మనిషి కోడలితో ఆ మాట ఎలా చెబుతుంది?

ఆమె అదృష్టమో కాదో, అప్పుడే గోడ అవతలి నుంచి లేవి వచ్చాడు. లేవి ఆమె మరిది. పక్కిల్లే. సంఘపెద్ద కూడా కావడంతో పిలవకుండా ఏ ఇంట్లోకైనా రావచ్చని ఆయన నమ్మకం. అరుగు మీద కూచుని తువ్వాలు ఒళ్ళో వేసుకున్నాడు.

"ఏమ్మా మహిమా, పాపను తోలుకరాలేదే?"

"బడి ఉండాది చిన్నమామా. రేపు మధ్యాహ్నం బస్సుకు నేను మళ్ళా పోవల్ల. నర్సింగ్ హోములో రెండు రోజులే సెలవిచ్చినారు."

విశ్వాసమ్మ ఈ ప్రశ్న ఇంతసేపూ అడగలేదు. బస్సు ఆగినప్పుడు మహిమ దిగింది, మహిమ వెనక ఎవరో ముసలాయన దిగాడు, ఆ తర్వాత తలుపు మూసుకుంది. ఆ మూసుకున్న తలుపు వంక ఆమె బస్సు కదిలేదాకా చూసింది. మనవరాలు ప్రసన్నకు ఇష్టమని వేరుశనగ పప్పు, బెల్లం కలిపి చేసిన బుడ్డల ఉంటలు డబ్బాలో పెట్టి పైఅటక మీద దాచింది. ఆ డబ్బా ఇంకా కిందికి దించలేదు.

"ఇంతకూ ఏం పని మీద వచ్చినావు?" అన్నాడు లేవి.

"కార్డు వేరు చేసేదానికి. అత్తది అత్తకు, నాదీ పాపదీ మాకు. రేపు ఇద్దరం సచివాలయానికి పోయి వేలు పెట్టల్ల."

"వేరు చేసేదేంది? శామ్ ఉండిన కార్డు అది."

"శామ్ పేరు తీసేసి రెండేండ్లాయె చిన్నమామా. మీరే కదా నాతో వచ్చి తీయించినారు."

ఈ మాటతో ముగ్గురూ నేల వంక చూశారు. లేవి తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. మనసులో ఉన్నది కడుపులో పెట్టుకోలేడు, అంతే.

"మైదుకూరు ప్రార్థన సభల్లో ఒగ మాట విన్నా. మీ అన్న యేసుప్రసాద్ నీకు పోరుమామిళ్ళ సంబంధం చూస్తాండాడంట. నిజమేనా?"

మహిమ డ్రమ్ము మూత కింద పెట్టింది.

"చూసినాడు. నేనింకా ఏమీ చెప్పల్యా."

"చెప్పకముందే కార్డు వేరు చేస్తాండావు."

"అత్త బువ్వ తినాలని చేస్తాండా."

"అది సరే. ఈ కార్డులోంచి పేరు బయటికి పోతే రేపు అది ఎవురి కార్డులో పడతాదో..."

"లేవీ," అంది విశ్వాసమ్మ. "లెయ్యి. పోయి ఎనుముకు నీళ్ళు పెట్టుకో."

"పెట్టినా వదినా."

"మళ్ళా పెట్టు."

లేవి లేచాడు. గోడ దాకా పోయి వెనక్కి తిరిగి ఏదో అనబోయి, వదిన మొహం చూసి అనకుండా పోయాడు.

మహిమ జొన్నపిండి కలిపి రొట్టెలు తట్టింది. తట్టే ఆ చేతుల చప్పుడు వింటూ విశ్వాసమ్మ కూచుంది. పదకొండు నెలల తర్వాత ఆ ఇంట్లో రెండో మనిషి చేతుల చప్పుడు. కార్డు, పోరుమామిళ్ళ, రేపటి బస్సు అన్నీ ఒక పక్కన పెట్టి, ఆ చప్పుడు ఇంకొంచెంసేపు ఉంటే చాలని ఆమెకు అనిపించింది.

ఆమె అబద్ధం ఎందుకు చెప్పిందో మహిమకు తెలియదు. మనం తెలుసుకుందాం.

ఎనిమిది నెలల కిందట, తన వేలు పడటం లేదని తేలిపోయాక, బద్వేలులోనే బియ్యం ఎత్తుకొమ్మని కోడలికి ఫోన్లో చెప్పింది విశ్వాసమ్మ. 'మరి నీకో?' అని మహిమ అడిగితే అప్పటికప్పుడు ముసలోళ్ళ కార్డు ఒకటి పుట్టించింది. చెప్పాక, కోడలు నిజంగా ఎత్తుకుందో లేదో చూద్దామని స్టోరుకు పోయింది. డీలరు పుల్లయ్య మిషన్లో నంబరు కొట్టి, అయ్యో అన్నట్టు నాలుక చప్పరించాడు.

"అవ్వా, మీది ఎవురో ఎత్తేసినారు. మూడో తారీకు, బద్వేలు."

వరసలో ఉన్న ఆడవాళ్ళు పాపం అన్నారు. విశ్వాసమ్మకు మాత్రం పాపం అనిపించలేదు. సంతోషమయింది. నా కోడలు మూడో తారీకు పొద్దున లేచి, పాపను బడికి పంపి, స్టోరు దాకా నడిచి, నా ఇంటి కార్డు మీద వేలు పెట్టింది. దారి పొడవునా ఆమె ఇదే అనుకుంది. ఎదురైనవాళ్ళకు చెప్పింది కూడా, మా మహిమ బియ్యం ఎత్తిందంట అని. విన్నవాళ్ళు తెల్లమొహం వేశారు.

ఫోన్లు లేక కాదు. వారానికోసారి మహిమ చేస్తుంది. బాగుండావా అంటే బాగుండా అంటుంది, నువ్వో అంటుంది, అంతలో అవతల ఎవరో పేషెంటు పిలుస్తారు. ఫోన్లో అందరూ బాగున్నామనే చెబుతారు. పుల్లయ్య మిషను చెప్పేది వేరు. మహిమ ఇంకా మన ఇంటి మనిషే, ఈ నెల కూడా, ఇంకా మన పేర్ల పక్కనే ఉంది అని అది చెబుతుంది. ఎవరి కార్డు మీద బియ్యం తింటే ఆ ఇంటివాళ్ళే కదా. చట్టం ఏమంటుందో విశ్వాసమ్మకు తెలియదు, ఆమె లెక్క ఇది.

అప్పటి నుంచి ప్రతి నెలా ఐదో తారీకుకు స్టోరుకు పోవడం, సంచి లేకుండా నిలబడటం, "చూడప్పా ఒగసారి" అనడం, "ఎత్తేసినారవ్వా, మూడో తారీకు, బద్వేలు" అని పుల్లయ్య చేత అనిపించుకుని వెనక్కి రావడం. సంచి లేకుండా స్టోరుకు వచ్చే మనిషిని పుల్లయ్య ఇరవై ఏళ్ళలో చూసి ఉండడు. కొడుకు పోయాక ముసలామెకు మతి చెదిరిందని అనుకున్నాడు. అనుకుని, పాపం, విసుక్కోకుండా చూసి పెట్టేవాడు.

ఒక నెల మాత్రం ఐదో తారీకుకు ఏమీ లేదు. "ఇంకా ఎత్తలేదవ్వా, నువ్వు వేలు పెట్టు, పడితే నీకే ఇస్తా," అన్నాడు పుల్లయ్య. విశ్వాసమ్మ చెయ్యి వెనక్కి దాచుకుంది. ఆరు, ఏడు, ఎనిమిది. పేరు ఇంకో కార్డులోకి పోయిందేమోనని ఆ నాలుగు రోజులూ రొట్టె గొంతు దిగలేదు. తొమ్మిదో తారీకు పుల్లయ్య దూరం నుంచే చెయ్యి ఊపాడు, ఎత్తినారని. పాపకు జ్వరం వచ్చిందని, అందుకే ఆలస్యమని తర్వాత ఫోన్లో తెలిసింది.

ఇదంతా కోడలికి ఎలా చెప్పాలి? నీ వేలిముద్ర కోసం నేను అన్నం మానేశానని ఏ అత్త చెబుతుంది? చెబితే కోడలు ఉంటుందా, భయపడి ఇంకా దూరం పోతుందా?

రొట్టెలు తినేటప్పుడు మహిమే మళ్ళీ మొదలుపెట్టింది.

"రేపు పదింటికంతా సచివాలయం కాడ ఉండల్ల అత్తా."

ఇంకో గొడవ అవుతుందని అనుకుంది. విశ్వాసమ్మ రొట్టె ముక్క తుంచుకుంటూ చాలా మామూలుగా అంది.

"పోదాంలే."

మహిమ ఆశ్చర్యంగా చూసింది.

విశ్వాసమ్మ ఆలోచన వేరే ఉంది. కార్డు వేరు కావాలంటే తన వేలు పడాలి. తన వేలు పడదు. మిషను ఎర్రలైటు వేస్తుంది, ఆఫీసులో పిల్లోడు తల అడ్డంగా ఊపుతాడు, మధ్యాహ్నం బస్సుకు మహిమ పోతుంది, పేర్లు మూడూ ఉన్నచోటే ఉంటాయి. తాను కాదన్నట్టూ ఉండదు. ఇంత మంచి ఉపాయం తట్టినందుకు ఆమె ఆ పూట రెండు రొట్టెలు ఎక్కువ తింది.

తెల్లవారింది. చెప్పుకుంటే సిగ్గుగానే ఉంటుంది కానీ, విశ్వాసమ్మ ఆ పొద్దున చేసిన పని చెప్పక తప్పదు. కోడలు లేవకముందే వాకిట్లోకి వచ్చి, అరుగు చివర పాలిష్ పట్టని గరుకు అంచు ఉంటే, దాని మీద కుడిచేతి బొటనవేలు పెట్టి రుద్దింది. ఉన్న ఒకటీ అరా గీత కూడా పోవాలని రుద్దింది. వేలు మండింది. ఎవరూ చూడటం లేదని ఇంకా రుద్దింది.

తలెత్తేసరికి మహిమ గడపలో ఉంది. ఒక చేతిలో వేడినీళ్ళ చెంబు, ఇంకో చేతిలో ఆముదం గిన్నె.

మహిమ చెంబు, గిన్నె కింద పెట్టింది. వచ్చి పక్కన కూచుంది. అత్త చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. బొటనవేలి మీద బూడిదరంగు రాతిపొడి ఉంది. దాన్ని చూసింది. ఎక్కడిదని అడగలేదు. వేడినీళ్ళలో ముంచి, నిదానంగా కడిగింది.

కాపురానికి వచ్చిన కొత్తలో, బియ్యానికి తానే పోతానని పట్టుపట్టే అత్త, స్టోరులో వేలు పడక మూడుసార్లు వెనక్కి వచ్చినప్పుడు, మహిమే ఈ పని కనిపెట్టింది. ఆ తర్వాత ఎనిమిదేళ్ళు, బియ్యం ఇచ్చే రోజు పొద్దున ఇదే అరుగు మీద, వేడినీళ్ళు, ఆముదం. ఎండిన చర్మం మెత్తబడి అణిగిపోయిన గీతలు కాస్త పైకి తేలేవి. అప్పుడు మిషను ఒప్పుకునేది.

విశ్వాసమ్మకు ఇదంతా తెలుసు. రాత్రి ఉపాయం పన్నేటప్పుడు మాత్రం గుర్తుకు రాలేదు. మహిమ ఈ పని మర్చిపోయి ఉంటుందని అనుకుందో, లేక అసలు కోడలి చేతులు తన చేతిని మళ్ళీ పట్టుకుంటాయని ఆశ పెట్టుకోవడమే మానేసిందో.

చెయ్యి లాక్కుంటే సరిపోతుంది. చలేస్తోందనో, పని ఉందనో ఏదో ఒకటి చెప్పి లేవచ్చు. లేవలేకపోయింది. పదకొండు నెలలుగా ఆమె చేతిని మనిషన్నవాడు పట్టుకోలేదు. చర్చిలో కరచాలనం చేస్తారు, అంతే. మహిమ బొటనవేలు తన బొటనవేలి మీద గుండ్రంగా తిరుగుతోంది, మెత్తగా, తొందర లేకుండా. గీత గీతగా తన కార్డు విడిపోతోందని తెలిసి కూడా విశ్వాసమ్మ అలాగే కూచుంది. ఇంకాసేపు రుద్దనీ అనుకుంది.

"నీకు చెప్పకుండా నేను ఏ పనీ చెయ్యను అత్తా," అంది మహిమ తలెత్తకుండా.

"ఊ."

విశ్వాసమ్మ అడిగింది. "పోరుమామిళ్ళ ఆయన ఏం చేస్తాడు?"

"స్కూలు వ్యాను తోల్తాడంట. భార్య పోయి మూడేండ్లంట."

"తాగుతాడా?"

"తెల్దు."

"కనుక్కో."

మహిమ వేలు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ తిరగడం మొదలైంది.

"నువ్వే వచ్చేయ్ అత్తా బద్వేలుకు. మా అన్న ఇంట్లో వద్దులే, రూము చూస్తా. పాప రోజూ అడుగుతాండాది, అవ్వ ఎప్పుడొస్తాది అని."

"వాడు ఈడుండాడు గదా," అంది విశ్వాసమ్మ.

సమాధుల తోట ఊరికి అవతల, రైలు కట్ట పక్కన. శనివారం శనివారం ఆమె అక్కడ గడ్డి పీకి వస్తుంది. మహిమ ఇంక ఆ మాట ఎత్తలేదు. గిన్నెలో మిగిలిన ఆముదం చిన్న సీసాలో పోసి మూత పెట్టి సంచిలో వేసుకుంది.

సచివాలయంలో ఫ్యాను కింద నలుగురు కూచుని ఉన్నారు. కంప్యూటరు ముందు కూచునే హనుమేష్‌కు విశ్వాసమ్మను చూడగానే నవ్వు వచ్చింది. ఆ ఊళ్ళో అన్ని వేళ్ళూ అతనికి తెలుసు. ఈ వేలు మరీ బాగా తెలుసు.

"అవ్వా, నువ్వా. ఈ పొద్దు మేము భోజనానికి పోయినట్టే."

"నేనేం చేసేది నాయనా. వేలు అట్లాంటిది," అంది విశ్వాసమ్మ. గొంతులో కొద్దిగా ఆశ ఉంది.

హనుమేష్ కాగితాలు చూశాడు. మహిమ దరఖాస్తు, ఆధార్లు, పాప బడి కాగితం. అన్నీ సరిగ్గా ఉన్నాయి.

"కార్డుకు పెద్ద నువ్వు. కాబట్టి నువ్వు ఒప్పుకున్నట్టు ముందు నీ వేలు. ఆమీట అక్క వేలు. రెండూ పడితే రెండు కార్డులైతాయి. నీది నీకు, అక్కది అక్కకు. ఏ ఒగటి పడకపోయినా ఇప్పుడుండేది ఇట్లే ఉంటాది."

"ఇట్లే ఉంటాదా?"

"ఇట్లే ఉంటాది."

ముందున్నవాళ్ళ పని అయ్యేదాకా బెంచీ మీద కూచున్నారు. మహిమ సీసా తీసి, అత్త వేలికి ఇంకోసారి ఆముదం పూసి, తువ్వాలుతో శుభ్రంగా తుడిచింది. తన వేళ్ళు తుడుచుకోవడం మరిచిపోయింది. తువ్వాలు బెంచీ మీదే వదిలేసి, పేరు పిలవగానే లేచింది.

మిషను బల్ల మీద ఉంది, అగ్గిపెట్టె అంత. విశ్వాసమ్మ దాని మీద బొటనవేలు పెట్టబోయి ఆగింది. ఒక పక్కగా పెట్టవచ్చు. గట్టిగా అదమకుండా ఊరకే ఆనించవచ్చు. వేళ్ళు పడని మనుషులకు ఇలాంటివన్నీ తెలుసు. పక్కనే మహిమ నిలబడి ఉంది. మోచెయ్యి మోచేతికి తగులుతోంది. ఆ పిల్ల ఒంటి నుంచి ఆముదం వాసన, ఆస్పత్రి ఫినాయిలు వాసన కలిసి వస్తున్నాయి. రెండు రోజుల సెలవులో ఒక రోజంతా బస్సులో కూచుని వచ్చింది, అత్త అన్నం తినాలని.

విశ్వాసమ్మ వేలు తిన్నగా పెట్టి అదిమింది.

పచ్చలైటు వెలిగింది.

హనుమేష్ తెర వైపు చూశాడు, మిషను వైపు చూశాడు, మళ్ళీ తెర వైపు చూశాడు.

"ఒగే దెబ్బకు పడింది. ఇన్నేండ్లలో ఇదే ఫస్టు. ఏం పూసినావు అవ్వా?"

"నా కోడలు పూసింది," అంది విశ్వాసమ్మ.

ఆ మాట ఎప్పుడూ అనే మాటే. ఈసారి అది విని మహిమ తల పక్కకు తిప్పుకుంది.

"సరే. ఇప్పుడు అక్కా, నువ్వు పెట్టు. నీదైపోతే అయిపోయినట్టే."

మహిమ వేలు పెట్టింది. ఎర్రలైటు.

ఇంకోసారి పెట్టింది. ఎర్రలైటే. బద్వేలులో ఎనిమిది నెలలుగా ఒక్కసారి కూడా తప్పని వేలు.

"నూనె అయింది అక్కా వేలికి. గాజంతా జారుతాండాది. బాగా తుడ్చుకో. తొందరగా, ఒగ నిమిషం లోపల పెట్టకుంటే టైమైపోతాది, అవ్వది మళ్ళా మొదటికొస్తాది. మళ్ళా పడతాదో ల్యాదో."

మహిమ తువ్వాలు కోసం చూసుకుంది. చేతిలో లేదు. బెంచీ నాలుగడుగుల దూరంలో ఉంది. తువ్వాలు అక్కడే, కనబడుతూనే ఉంది. మహిమ కదల్లేదు. తన వేలి వంక చూసుకుంటూ నిలబడింది.

పొద్దున అరుగు మీద రాతిపొడి చూసినప్పుడు అడగని ప్రశ్నకు ఆమెకు జవాబు దొరికినట్టుంది. అత్త ఎందుకు అబద్ధం చెప్పిందో, ఎనిమిది నెలలు జొన్నలు ఎందుకు తిన్నదో, వేలు ఎందుకు రాయికి రుద్దుకుందో. అన్నీ తెలిసీ ఆ చెయ్యి తన ఒళ్ళోంచి ఎందుకు తీసుకోలేదో.

"ముప్పై సెకండ్లు ఉండాయి అక్కా," అన్నాడు హనుమేష్.

విశ్వాసమ్మ కోడలి మొహం చూసింది. ఊరకే నిలబడితే చాలు. ఇంకో అరనిమిషం తాను చేతులు కట్టుకుని నిలబడితే, పేర్లు మూడూ ఉన్నచోటే ఉంటాయి. మూడో తారీకు వస్తుంది, పుల్లయ్య చెయ్యి ఊపుతాడు. ఇందులో తన తప్పు ఏమీ ఉండదు.

ఆమె భుజం మీది కొంగు తీసి, రెండు చేతులతో పరిచి, కోడలి ముందు పట్టుకుంది.

"తుడ్చుకో మా," అంది.

మహిమ చెయ్యి ఆ కొంగులో పెట్టింది. పెట్టి, గుడ్డతో సహా పిడికిలి బిగించింది. విశ్వాసమ్మ కొంగు లాక్కోలేదు.

"అక్కా, పది సెకండ్లు."

మహిమ చెయ్యి కొంగులోనే ఉంది.